పులిహోర గడి

“ఇద్దరి చేతుల తాళంచెవి ఉంటె ఇగ తాళమెందుకే పోరీ, బీరువ తలుపే పీకి అవతల పడెయ్యుండ్రి,” అని అత్తమ్మ హాల్లో మూడోసారి అంటోంది, “డూప్లికేట్ అంటే దొంగతనం కాదు నానమ్మా, చౌరస్తాల పది నిమిషాల్ల చేసిస్తరు,” అని రసజ్ఞ నాలుగోసారి అంటోంది, “మీ నానమ్మ మనుమరాళ్ల లొల్లికి నా ఉప్మ చల్లగైంది,” అని మా ఆయన మహేశ్ ఎవరి పక్షమూ కాకుండా గిన్నె గీకుతున్నాడు, నేను వంటింట్లో బియ్యం డబ్బాకీ మిక్సీకీ మధ్య లాప్‌టాప్ పెట్టుకుని నిలబడి గడియారం చూస్తున్నాను. తొమ్మిదీ ఐదు. పదింటికి ఫోను. పదకొండున్నరకి అత్తమ్మ డయాలసిస్. గొడవ గురువారంనాటిది. గురువారం రసజ్ఞ కాలేజీలో ఇంటర్ మెమో అసలుది చూపించాలి, మెమో బీరువాలో, తాళంచెవి అత్తమ్మ నడుముకి, అత్తమ్మ దవాఖానలో నాలుగు గంటలు మంచానికి. పిల్ల ఉత్తి చేతులతో వెనక్కి వచ్చి శుక్రవారం మళ్లీ వరుసలో నిలబడింది. అప్పటినుంచి ఇంట్లో ఇదే మాట. గురువారం. గురువారం ఇంట్లో అందరికీ ఏదో ఒకటి జరిగింది, నాకు జరిగింది మాత్రం వాళ్లకింకా తెలియదు, శనివారం కూడా ఆఫీసు పని ఉంది కాబోలు అనుకుంటున్నారు, “మమ్మీ, నువ్వు చెప్పు నానమ్మకు, నీ ఆఫీసుల అందరికి ఎవరి తాళం వాళ్లకు ఉండదా?” అని రసజ్ఞ అరుస్తోంది, నేను రెండో వాయి ఉప్మా పోపులో ఆవాలు వేశాను, చిటపటలాడాయి, జవాబు చెప్పినట్టే అయింది.

ఉంటుంది తల్లీ, ఎవరిది వాళ్లకి ఉంటుంది. ఉండాలి. పదహారేళ్ల కింద ఈ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో అత్తమ్మ నన్ను అడిగింది, పొద్దున పోయి రాత్రి వస్తవ్, ఏం పని బిడ్డా నీది అని, ఎట్లా చెప్పాలో తెలియక తాళాలు ఇచ్చే పని అత్తమ్మా అన్నాను. స్కానింగ్ సెంటర్లు తీసిన బొమ్మలూ రిపోర్టులూ మా కంప్యూటర్లలోకి వస్తాయి, డాక్టర్లు అక్కడినుంచి చూసుకుంటారు, ఒక్కో సెంటరుకీ ఒక్కో ఫోల్డరు, ఏ ఫోల్డరు ఎవరికి కనబడాలో, ఎవరు చూడటం వరకే, ఎవరు తీసెయ్యగలరో నేను రాస్తాను. మనుషులకీ ప్రోగ్రాములకీ టోకెన్లుంటాయి, నలభై అక్షరాల వరుస, ఏ టోకెన్‌తో లోపలికి వస్తే ఎవరేం చేశారో రాసుకునే లాగ్‌లో ఆ టోకెన్ మనిషి పేరే పడుతుంది. ఒకే ఇల్లు, కానీ ఒక తాళంతో వస్తే రెండు అర్రలు కనబడతాయి, ఇంకో తాళంతో వస్తే పది, మరొక దానితో వస్తే అసలు ఇల్లే కనబడదు. అత్తమ్మ వెంటనే అర్థం చేసుకుంది. “అంటె ఇంటి పెద్దకోడలి పని,” అంది. “పెద్దకోడలికి ఎరుకుండాలె, ఏ అర్ర ఎవలకు చూపెట్టాల్నో.” మా బాసులెవరూ నా పనిని అంత బాగా చెప్పలేదు.

తొమ్మిదీ పన్నెండు. ఉల్లిగడ్డ మాడింది. ఆ పెద్దకోడలు ఏం చేసింది? కొత్త టోకెన్ కావాలంటే ముగ్గురి సంతకాలు, పది పదిహేను రోజులు, తీరా వచ్చాక దానితో చూస్తే ఫోల్డరు ఖాళీగా కనబడుతుంది, ఎందుకంటే పాత ఫోల్డర్లన్నీ నా టోకెన్‌తో పుట్టినవి, వాటికి నేనే తల్లిని, మళ్లీ ఒక్కొక్కటీ తెరిచి ఇతనికి కూడా చూపించు అని రాయాలి, రెండు వందల ఎనభై ఫోల్డర్లు. ఎవరికుంది ఓపిక. మూడేళ్ల కింద బోనాల పండక్కి మా ఫ్లోరులో ఎవరు ఏం వండుకొస్తారో రాసుకోవడానికి ఒక పట్టిక పెట్టుకున్నాం, అందరూ తెరవగలిగే పట్టిక, పులిహోర నవనీత, పెరుగన్నం ఫలానా, గారెలు ఫలానా. పులిహోర వరుసలో కుడివైపు చివరి గడిలో నా టోకెన్ పెట్టాను. తెల్లగడిలో తెల్లక్షరాలు, నొక్కితే తప్ప కనబడవు. అప్పుడు ఒకరికే, ఒక్క సాయంత్రానికే, అర్జంటని. మరునాడు తీసేద్దామనుకున్నాను. ఆ ఒక్కరూ సందీప్, ఇప్పుడు నాకు మేనేజరు. తర్వాత ఇంకొకరు. “అక్కా, పులిహోర ఉందా?” అంటే టోకెన్ అని అందరికీ తెలుసు. నవ్వుకునేవాళ్లం. బోనాలు అయిపోయి కార్తీకమాసం వచ్చేది, పులిహోర మాత్రం ఉండేది. ఒకసారి మా కంపెనీ పెద్దాయన లిఫ్టులో విని “నవనీత గారూ, మాకెప్పుడూ పెట్టలేదే,” అన్నాడు, లిఫ్టు దిగేదాకా ఊపిరి బిగబట్టి, దిగాక గోడ పట్టుకుని నవ్వాం.

గురువారం రెండింటికి డయాలసిస్ వార్డులో అత్తమ్మ పక్కన స్టూలు మీద కూర్చున్నాను, ఎడమచేతికి సూదులు, కుడిచెయ్యి నడుము మీద తాళంచెవిని తడుముతోంది, నర్సు తీసి పక్కన పెట్టమంటే “అది నా ఒంట్లదే బిడ్డా, తియ్యరాదు,” అంటుంది ప్రతిసారీ, నేను ఇడ్లీ ముక్క తుంచి నోట్లో పెడుతున్నాను, ఫోను మోగింది. మా టీములో వసంత, మెసేజు. అక్కా, నా టోకెన్‌తో పోతే ఏమీ కనపడటం లేదు, పులిహోర ఎక్కడుందో చెప్పవా. మేం ప్రోగ్రాములు సరిచూసుకోవడానికి చేసుకున్న ఉత్తుత్తి కాపీల్లో మూడు నెలలు దాటినవి తీసేసే చిన్న ప్రోగ్రాము రాసింది. తన టోకెన్‌కి ఆ కాపీల అర్ర కూడా కనబడదు, అంతే ఆమె బాధ. నేను ఆ కాపీల ఒక్క అర్ర ఆమెకు తెరవాల్సింది. రెండు నిమిషాల పని. ఒక చేతిలో ఇడ్లీ ఉంది. బొటనవేలితో కొట్టాను, బోనాల పట్టిక, పులిహోర వరుస, చివరి గడి. నా టోకెన్‌తో వెళ్లిన ప్రోగ్రాముకి ఒక్క అర్ర కాదు, రెండు వందల ఎనభై అర్రలూ బార్లా తెరిచి కనబడ్డాయి. మూడు నెలలు దాటినవన్నీ తీసెయ్యమన్నారు కదా అని అది తన పని తను చేసుకుపోయింది. రెండూ ఏడుకి మొదలు. లాగ్‌లో ప్రతి వరుసలో పేరు నాదే. నవనీత తీసేసింది, నవనీత తీసేసింది, నవనీత తీసేసింది, పదకొండు వేల వరుసలు, నేనేమో అత్తమ్మ మూతి తుడుస్తున్నాను.

చాలావరకు తిరిగొచ్చాయి. మూడు వందల నలభై రాలేదు. జాబితా నిన్న నాకు పంపారు, పేర్లు లేవు, నంబర్లూ వయసులూ ఏ స్కానింగో అంతే, అవి చదవకుండా ఉండాల్సింది. మోకాలూ నడుమూ మళ్లీ తీసుకోవచ్చు. కానీ అరవై రెండు ఐదో నెల స్కానింగులు. అవి మళ్లీ ఎట్లా తీస్తారు, ఆ పిల్లలు ఇప్పుడు ఎనిమిదో తొమ్మిదో నెలలో ఉంటారు, ఐదో నెల మళ్లీ రాదు. రసజ్ఞ నా కడుపులో ఉండగా కొత్తగూడలో ఐదో నెల స్కానింగు తీసినప్పుడు ఆ తెర మీద నాకేమీ అర్థం కాలేదు, మబ్బు, మబ్బులో ఏదో కదిలింది, డాక్టరమ్మ గుండె నాలుగు గదులూ బాగున్నాయమ్మా అంది, గదులు అంది, ఆ మాటకే నేను ఏడ్చాను, ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది. ఎవరో ఇరవై ఆరేళ్ల అమ్మాయి, అప్పుడు డాక్టరు గుండెలో ఏదో చిన్న తేడా ఉంది, తొమ్మిదో నెలలో మళ్లీ పోల్చి చూద్దాం అని ఉంటుంది. దేనితో పోలుస్తారు. ఇది వసంత చేసిందా, నేను చేశానా, గడి చేసిందా. ఎవరు చేస్తే ఏం, ఆ అమ్మాయికి బొమ్మ లేదు.

తొమ్మిదిన్నర. రైలు వెళ్లింది, బోరబండ స్టేషన్లో ఆగి కదిలేటప్పుడు మా వంటింటి కిటికీ ఊచలు సన్నగా వణుకుతాయి, పదహారేళ్లుగా వణుకుతున్నాయి, ఇవాళే వినబడుతోంది. నిన్న సాయంత్రం సందీప్ ఫోను. “నవనీత గారూ, మీరు టెన్షన్ పడకండి, నేనున్నాను కదా. టోకెన్ మీరు ఇచ్చారని ఎందుకు చెప్పాలి? మీరు పక్కకి వెళ్లినప్పుడు మీ స్క్రీన్ మీద వసంత చూసి రాసుకుందని చెప్పండి. ఆ అమ్మాయి కాంట్రాక్టు మనిషి, ఎలాగూ వచ్చే నెల వెళ్లేదే. ఇద్దరూ మునగడం ఎందుకు, ఒకరైనా గట్టెక్కాలి.” పట్టికలో గడి రాత్రే తను తుడిచేశాడట, దాని గురించి ఎవరూ అడగరట. తను మూడేళ్లు తిన్నది తనే కడిగేశాడు. నాకోసం ఇంగ్లీషులో ఒక కాగితం కూడా రాసి పంపాడు, నాకు తెలియకుండా, నా అనుమతి లేకుండా అని మొదలవుతుంది, కింద నా పేరు టైపు చేసి ఒక బటన్ నొక్కితే చాలు, పదింటికి కంప్యూటర్ సెక్యూరిటీ వాళ్లు ఫోనులో అడిగితే అవునండీ అంటే చాలు. రాత్రంతా అది తెరిచే ఉంది. ఇప్పుడూ ఉంది, ఆవాల మరక పడింది తెర మీద. పేరు టైపు చేశాను కూడా. న, వ, నీ, త అనుకుంటూ. నొక్కలేదు. అట్లాగని తుడిచెయ్యనూ లేదు.

ఎందుకంటే ఆఫీసు ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు. ఉద్యోగం పోతే ఆ రోజునుంచే కార్డు పోతుంది. వారానికి మూడుసార్లు, మంగళ గురు శనివారాలు, అత్తమ్మ ఆ దవాఖాన కౌంటరులో నిలబడితే వాళ్లు అడిగేది ఆమె పేరు కాదు, ఎంప్లాయీ నంబరెంత అంటారు, అత్తమ్మ తన ఆధార్ నంబరు చెప్పలేదు కానీ నా ఎంప్లాయీ నంబరు నిద్రలో కూడా చెబుతుంది, “ఏడు సున్నా ఒకటి నాలుగు రెండు, మా కోడలిది,” అని. నా పేరుతోనే అక్కడ తలుపు తెరుచుకుంటుంది. మహేశ్ అపార్టుమెంట్లలో లిఫ్టులు బాగుచేస్తాడు, అతనికి ఏ కార్డూ లేదు. ఒక్కసారి తప్పితే కాళ్లు ఉబ్బుతాయి, రెండుసార్లు తప్పితే ఊపిరి అందదు, అది పోయిన వానాకాలం నీళ్లు నిండి దారులు మూసుకున్నప్పుడు చూశాను, ఆమె మంచం మీద కూర్చుని గాలిని గుప్పిళ్లతో పట్టుకున్నట్టు చేసింది. అది చూసిన మనిషి అబద్ధం ఆడకూడదా? ఎవరైనా ఆడతారు. ఏ దేవుడైనా ఒప్పుకుంటాడు. బటన్ నొక్కు నవనీతా, పోపు మాడుతోంది, నొక్కు.

వసంత రాత్రి పదకొండింటికి మెసేజు పెట్టింది. అక్కా, నువ్వేం చెప్తే నేనూ అదే చెప్తా, నాకేం తెల్దు అనమన్నా అంటా, నీ మీదికి మాత్రం రానీను. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ప్రొద్దుటూరు వైపు నుంచి ఇద్దరు పిల్లలతో వచ్చింది, ఏడేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగం వెతుక్కున్న మనిషి, మా దగ్గర చేరిన మొదటిరోజు కంప్యూటరు ముందు కూర్చుని మౌసు మీద చెయ్యి వెయ్యడానికి భయపడింది, నేను నవ్వితే “ఏమనుకోవద్దు అక్కా, పొయ్యి మీద చెయ్యి పెట్టినంత అలవాటు గావల్ల,” అంది. కాంట్రాక్టు పోతే ఇంకొకటి వస్తుంది. కానీ దొంగిలించింది అన్న ఒక్క మాట కాగితం మీద పడితే, ఈ హైటెక్ సిటీలో ఎక్కడ చేరినా వెనకటి ఆఫీసుకి ఫోను చేసి అడుగుతారు, ఆ మాట ఆమెకంటే ముందు ఇంటర్వ్యూకి వెళ్లి కూర్చుంటుంది. పొరపాటు చేసింది అంటే మనిషి బతుకుతుంది. దొంగ అంటే. ఆ మాట నాకు కొత్త కాదు. ఆ మాట నా ముందు నిలబడి నా చేతులకేసి చూసిన రోజు నాకు తెలుసు.

“సరే, చేపియ్యి డూప్లికేట్,” అని హాల్లో అత్తమ్మ గొంతు, గట్టిగా కాదు, అలిసిపోయి. “చేపిచ్చినంక రేపు దాంట్లకెల్లి ఏదన్న పోయిందనుకో, ఎవల్ని అడగాలె? నిన్నా, మీ డాడీనా, మీ అమ్మనా? ఒక్క తాళం ఉంటె నన్నే అడుగుతరు. పోతె నన్నే అడగాలె. అందుకే నా నడుముకుంటది.” రసజ్ఞ ఏదో అంటోంది, నాకు వినబడటం లేదు, పొయ్యి కట్టేశాను. అప్పుడు నాకు పెళ్లై నాలుగో నెల. పెద్ద ఆడబిడ్డ కమ్మలు బీరువాలో పెట్టి స్నానానికి వెళ్లింది, వచ్చేసరికి ఒక కమ్మ లేదు. ఇల్లంతా చుట్టాలు. ఎవరూ నా పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని ఏముంది, కొత్తగా వచ్చింది నేనొక్కదాన్నే, అంతకుముందే చీర తీసుకోవడానికి తాళంచెవి నాకిచ్చింది అత్తమ్మ, మళ్లీ తిరిగి ఇచ్చాను కూడా, అది ఆమెకూ నాకూ మాత్రమే తెలుసు. అందరూ మాట్లాడుతూ మాట్లాడుతూ నా చేతులు చూశారు. నేను చేతులు కొంగులో దాచుకున్నాను, దాచుకుంటే ఇంకా దొంగలా ఉన్నానని తోచి బయటికి తీశాను, ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అప్పుడు అత్తమ్మ నిలబడి అంది, “తాళంచెవి నా నడుముకే ఉండె. ఇంకెవల చేతికి పోలె. పోయిందంటె నేనే పోగొట్టిన, నన్నడగుండ్రి.” ఆడబిడ్డ రెండేళ్లు తల్లితో మాట్లాడలేదు. కమ్మ దొరకలేదు, ఇప్పటికీ. నేను తీశానా లేదా అని అత్తమ్మ ఒక్కనాడూ నన్ను అడగలేదు. తియ్యలేదు అని నేనూ చెప్పలేదు. ఆమె అడగకపోవడం నమ్మకమో దయో తెలియక ఎన్నో ఏళ్లు నలిగాను, ఒక్కోసారి ఆ దయ మీద కోపం కూడా వచ్చింది.

ఆమె నన్ను కాపాడటానికి అబద్ధమాడింది. నేను ఆమెను కాపాడుకోవడానికి ఆడకూడదా, ఇది కూడా అదే కదా. అదే కాదు. ఆమె తన మీదికి తెచ్చుకుంది. నేను వసంత చేతులకేసి చూడమంటున్నాను. చూడమని, పక్కన నిలబడి, పోపు వేసుకుంటానంటున్నాను. కానీ అత్తమ్మ పోగొట్టుకున్నది కూతురి మాటలు, నేను పోగొట్టబోయేది ఆమె ఊపిరి, ఆ ఊపిరి నాది కాదు కదా దానం చెయ్యడానికి, ఎవరిని అడగాలి, ఆమెనే అడగాలా, అడిగితే ఏమంటుందో నాకు తెలుసు, తెలిసి అడగడం ఇంకో దొంగతనం. సింకులో కుళాయి విప్పి మొహం కింద పెట్టాను. జ్వరమని చెప్పనా. ఫోను ఎత్తకుండా ఉంటే. సోమవారానికి వాయిదా అడిగితే. సోమవారం మాత్రం ఏమవుతుంది, ఇవే పేర్లు, ఇదే లాగ్, ఇదే చెయ్యి. ఆ అరవై రెండు మంది తల్లుల్లో ఒకరు నా ఎదురుగా నిలబడి ఎవరు పోగొట్టారమ్మా నా బిడ్డ బొమ్మ అని అడిగితే, స్క్రీన్ మీద చూసి రాసుకుందండీ అని చెబుతానా? పెద్దకోడలికి ఎరుకుండాలె అంది ఆమె. ఎరుకే ఉండింది అత్తమ్మా. ఎరుక ఉండే ఇచ్చాను. చేతిలో ఇడ్లీ ఉందని ఇచ్చాను.

తొమ్మిదీ యాభై. తడి వేలితో నా పేరు తుడిచేశాను, ఒక్కో అక్షరం వెనక్కి, తర్వాత సందీప్ రాసిన కాగితమంతా. ఖాళీ పెట్టెలో తెలుగులో ఆలోచిస్తూ ఇంగ్లీషులో కొట్టాను, టోకెన్ నేనే ఇచ్చాను, మూడేళ్లుగా ఇస్తున్నాను, ఎక్కడ పెట్టానో, ఎవరెవరికి తెలుసో అడిగితే చెబుతాను, వసంత దొంగిలించలేదు, అడిగి తీసుకుంది. నొక్కాను. వసంతకి రాశాను, ఉన్నది ఉన్నట్టు చెప్పు, నేను నీకు పంపిన మెసేజు తుడిచెయ్యకు. ఆమె వెంటనే చూసినట్టు గుర్తు పడింది. తేలికపడతానేమో అనుకున్నాను, అట్లాంటిదేమీ లేదు, బావిలో చేద జారవిడిచినట్టుంది, ఇంకా నీళ్ల చప్పుడు కూడా వినబడలేదు. ఉప్మా గిన్నె మూత పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని హాల్లోకి వచ్చాను.

రసజ్ఞ సోఫా చేతి మీద కూర్చుని మూతి ముడుచుకుంది. మహేశ్ చెప్పుల కోసం వంగాడు. అత్తమ్మ దవాఖానకి కట్టుకునే పాత నేత చీర కట్టుకుని, సూదుల చెయ్యి ఒళ్లో పెట్టుకుని, తలుపుకేసి చూస్తోంది. “ఏందమ్మా, మొఖం గట్ల పెట్టినవ్?” అంది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేను.

“ఆఫీసుల నా తాళం నేను వేరేవాళ్లకు ఇచ్చిన. దానితోని పెద్ద నష్టమైంది. నేనే ఇచ్చిన్నని ఇప్పుడే రాసి పంపిన, పదింటికి నోటితోని గూడ చెప్తున్న. ఉద్యోగం ఉండకపోవచ్చు, కార్డు గూడ ఉండది. ఇయ్యాలటికి నడుస్తది. సోమవారం పొద్దుగాల సర్కారు దవాఖానల పేరు రాయించాలె, కాగితాలన్ని బీరువల ఉన్నయి,” అన్నాను. “జర తాళం తియ్యుండ్రి అత్తమ్మా.”